పాత డెస్క్‌టాప్‌తో ఊరందరూ వాడుకునే పాటల కంప్యూటర్ - ఎలా కుదర్చాలి?

పల్నాడు_పాట

నమస్తే అందరికీ. మాది నరసరావుపేట దగ్గర పల్లె. గ్రంథాలయం వెనక ఖాళీగా ఉన్న గదిని పాటల రికార్డింగ్‌కి ఇచ్చారు. వాడుకునేవాళ్ళు నాలుగు రకాలు: రామాలయం భజన బృందం, చర్చి క్వయర్ పిల్లలు, పెళ్ళిళ్ళలో వాయించే ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు, నాట్ల పాటలు ఇంకా గుర్తున్న కొందరు పెద్దమ్మలు. ఈ పెద్దమ్మల పాటలు పోకుండా దాచాలన్నదే నా అసలు తాపత్రయం, మిగతావి కూడా జరిగితే మరీ సంతోషం.

చేతిలో ఉన్న సామాను: ఒక ఆఫీసు వాళ్ళు తీసేస్తూ ఇచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 7010 మినీ టవర్ (ఐ5-3470, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్), ఒక కోర్ 2 డుయో పెట్టె, ఎవరో ఇచ్చిన ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 పీసీఐ కార్డు, చిన్న మిక్సర్, రెండు డైనమిక్ మైకులు, హార్మోనియం, ఆర్కెస్ట్రా వాళ్ళ కీబోర్డు. కొత్తగా పెట్టడానికి డబ్బు పెద్దగా లేదు, చందాలతో పది పన్నెండు వేలు వస్తే గొప్ప.

ఇది సరిపోతుందా? ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి? ఇన్ని చేతులు పడే కంప్యూటర్ చెడకుండా ఎలా చూసుకోవాలి?

ఆర్కెస్ట్రా_కీస్

అక్కా, ఆర్కెస్ట్రా కుర్రాళ్ళంటే అందరికీ వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో ఒక్కటే. విండోస్ 10 వేసి అది పెట్టేయండి, వేరే ఏం పెట్టినా వాళ్ళు ముట్టుకోరు. కార్డు పక్కన పెట్టండి, ఆసియో4ఆల్ అనే డ్రైవర్ వేస్తే మదర్‌బోర్డు సౌండే సరిపోతుంది.

పాతపెట్టెల_మేస్త్రీ

సికింద్రాబాద్‌లో పాత సిస్టమ్స్ బాగుచేస్తా, ముందు హార్డ్‌వేర్ సంగతి చెప్తాను. 7010 గట్టి పెట్టె. ఐ5-3470 అంటే నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, పాటల రికార్డింగ్‌కి చాలు. మీది మినీ టవర్ కావడం అదృష్టం, ఇదే మోడల్ చిన్న పెట్టెలో అయితే మీ ఆడియోఫైల్ కార్డు పట్టదు. టవర్‌లో మామూలు పీసీఐ స్లాట్ ఒకటి ఉంటుంది, ఆ కార్డుకి కావలసింది అదే.

ఖర్చు పెట్టాల్సింది రెండు చోట్లే. ర్యామ్ 8 జీబీకి పెంచండి, డీడీఆర్3 1600, రెండు కర్రలూ ఒకే సైజువి, జతగా వేస్తే రెండు ఛానెళ్ళూ పనిచేస్తాయి. హైదరాబాద్ వచ్చేవాళ్ళుంటే సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) పాత ర్యామ్ దొరుకుతుంది, ఆఫీసుల నుంచి దిగే సరుకు కాబట్టి కొత్తదానికి పోనక్కర్లేదు. రెండోది 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఇది మాత్రం కొత్తదే కొనండి. పాత 500 జీబీ డిస్క్‌ని పారేయకండి, దాని స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే లెక్క) తీసి రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు, సున్నా ఉంటే అటక సామానుకి వాడుకోవచ్చు, సున్నా కాకపోతే దానిమీద ఒక్క పాట కూడా పెట్టొద్దు.

ఇంకా: ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయి ఉంటుంది, తుడిచి కొత్తది రాయండి. సీఆర్2032 బ్యాటరీ మార్చండి, లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోయి, ఏ రికార్డింగ్ ఎప్పటిదో తెలియకుండా పోతుంది.

లినక్స్_గోదారి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది, ఇది మూడో తరం. అడ్డదారిలో ఎక్కించొచ్చు గానీ పదిమంది పెన్‌డ్రైవులు పెట్టే మెషీన్‌లో ఆ పని వద్దు. ఉబుంటు స్టూడియో వేయండి, ఉచితం, పాటల పనికి కావలసినవన్నీ ముందే అమర్చి ఉంటాయి.

ఆర్కెస్ట్రా_కీస్

నెట్ లేకుండా వాడితే విండోస్ 10కి ఏమవుతుంది చెప్పండి. రికార్డింగ్ గదిలో నెట్ ఎందుకసలు.

లినక్స్_గోదారి

నెట్ తీసేయడం మంచిదే, నేనూ అదే చెప్తా. కానీ వైరస్ నెట్ నుంచే రానక్కర్లేదు, పెళ్ళి ఆర్డర్ల ట్రాకులు పట్టుకొచ్చే పెన్‌డ్రైవ్ చాలు. ఇంకో సంగతి, ఆ ఎం-ఆడియో కార్డుకి విండోస్ డ్రైవర్లు రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. లినక్స్‌లో దాని చిప్‌కి, అంటే ఐస్1712కి, డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఉంది. పెడితే పనిచేస్తుంది, సీడీ వెతుక్కోనక్కర్లేదు.

బఫర్_సైజు

హనుమకొండ నుంచి. అన్నలిద్దరూ సాఫ్ట్‌వేర్ గురించి వాదించుకునే ముందు లేటెన్సీ, అంటే శబ్దం కంప్యూటర్ గుండా పోయి రావడానికి పట్టే ఆలస్యం, సంగతి తేలాలి, ఎందుకంటే పాత మెషీన్ అనగానే అందరికీ అదే భయం.

లెక్క సులువు. బఫర్ సైజుని (కంప్యూటర్ ఒక్కసారికి పోగేసుకునే శాంపిళ్ళు, అంటే శబ్దం ముక్కలు) శాంపిల్ రేటుతో (సెకనుకి ఎన్ని ముక్కలు) భాగిస్తే ఆలస్యం వస్తుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 512 అంటే 10.7, 1024 అంటే 21.3. ఇది ఒకవైపు మాత్రమే, లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఇంకోసారి పడుతుంది, కన్వర్టర్ల ఆలస్యం అదనం. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి పాట వినడం లాంటిది. కోలాటంలో అవతలి వరస వాళ్ళ పాట మనకి అంత ఆలస్యంగానే వినిపిస్తుంది, ఎవరూ తాళం తప్పడం లేదు కదా.

అసలు ముఖ్యమైన మాట ఇప్పుడు. పాడేవాళ్ళకి తమ గొంతు కంప్యూటర్ గుండా తిరిగొచ్చి వినిపించాల్సిన అవసరమే లేదు. మైకు మిక్సర్‌లోకి వస్తుంది, హెడ్‌ఫోన్ మిక్సర్‌కే పెడితే తన గొంతు తనకి అప్పటికప్పుడే వినిపిస్తుంది. అప్పుడు కంప్యూటర్ బఫర్ 1024 పెట్టినా పాడేవాళ్ళకి తేడా తెలియదు, రికార్డయిన ట్రాకుని సరైన చోట కూర్చోబెట్టే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అంటే భజన, క్వయర్, నాట్ల పాటలు, ఈ మూడింటికీ మీ ఐ5 ఎంత పాతదైనా ఇబ్బంది లేదు. చిన్న బఫర్ కావలసింది ఒకే సందర్భంలో: ఆర్కెస్ట్రా తమ్ముళ్ళు కీబోర్డుని మిడీతో, అంటే ఏ మీట నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే పద్ధతితో, కలిపి, కంప్యూటర్‌లోని వాయిద్యం శబ్దంతో వాయిస్తుంటే. అది కూడా వాళ్ళ కీబోర్డులో ఉన్న టోన్లనే నేరుగా రికార్డు చేస్తే తప్పిపోతుంది.

ఆర్కెస్ట్రా_కీస్

ఇది ఒప్పుకుంటా అన్నా. పెళ్ళిళ్ళలో వాడే టోన్లన్నీ కీబోర్డులోనే ఉంటాయి, లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కి ఇస్తే చాలు.

డప్పు_దరువు

కరీంనగర్ దిక్కు జానపదాలు రికార్డు చేస్తుంటా. అక్కా, పెద్దమ్మల పాటలకి నా మాట ఒక్కటి వినండి. హెడ్‌ఫోన్ పెట్టొద్దు, తాళం కొట్టే క్లిక్ పెట్టొద్దు. చెవుల మీద ఏదైనా ఉంటే వాళ్ళు పాడే పాట వాళ్ళకే కొత్తగా అనిపించి బిగుసుకుపోతారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాటలు కదా అవి, అందరినీ అరవృత్తంలో కూర్చోబెట్టి, ఎత్తుకునే ఆమె ముందు ఒక మైకు, అందుకునేవాళ్ళ మధ్యలో ఇంకో మైకు పెట్టండి. పాటకి ముందు, తర్వాత మాటలు కూడా రికార్డవనివ్వండి. ఈ పాట ఎప్పుడు పాడేవాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది వాళ్ళ గొంతులోనే ఉండిపోవాలి, రేపు ఆ పాటకి అదే అసలైన విలువ.

డప్పు పెట్టేటట్టయితే మైకు దగ్గరగా పెట్టకండి, నాలుగైదు అడుగుల దూరం చాలు. చర్మం బిగవడానికి మంట దగ్గర కాచే పని గది బయట, కంప్యూటర్‌కి దూరంగా చేసుకోండి. చల్లబడితే శ్రుతి దిగుతుంది కాబట్టి కాచిన వెంటనే రికార్డింగ్ మొదలయ్యేలా మిగతాదంతా ముందే సిద్ధంగా ఉండాలి.

పల్నాడు_పాట

చాలా ధైర్యం వచ్చిందండీ. దరువు అన్నా, మీరు చెప్పింది మా పెద్దమ్మలకి అచ్చంగా సరిపోతుంది. మా కార్డులో రెండు ఇన్‌పుట్లే ఉన్నాయి, మిక్సర్‌లో మాత్రం ఆరు ఛానెళ్ళున్నాయి. అన్నీ కలిసిపోయి ఒకే రికార్డింగ్ అవుతుందా? తర్వాత విడదీయలేమా?

బఫర్_సైజు

కలిపి రికార్డయ్యాక శుభ్రంగా విడదీయలేరు. కానీ రెండు ఇన్‌పుట్లంటే రెండు విడివిడి ట్రాకులు, అది మర్చిపోవద్దు. మిక్సర్‌లో శబ్దాన్ని ఎడమకో కుడికో పంపే ప్యాన్ నాబ్ ఉంటుంది చూడండి. పాడేవాళ్ళ ఛానెల్‌ని పూర్తిగా ఎడమకి, హార్మోనియం, కీబోర్డు ఛానెళ్ళని పూర్తిగా కుడికి తిప్పండి. సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టీరియో ట్రాకు కాకుండా రెండు మోనో ట్రాకులు తీసి, ఒకదానికి ఇన్‌పుట్ 1, ఇంకోదానికి ఇన్‌పుట్ 2 ఇవ్వండి. గొంతు ఒకటి, వాయిద్యం ఒకటి విడిగా వస్తాయి. ఒకే గదిలో పాడతారు కాబట్టి ఒకదాంట్లోకి ఇంకొకటి కొంచెం దూరుతుంది, అయినా ఎక్కువ తక్కువలు సరిచేసుకునే వీలుంటుంది.

ఆ కార్డు లినక్స్‌లో 12 ఇన్‌పుట్లు ఉన్నట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. మైకుల నుంచి వచ్చే అనలాగ్ ఇన్‌పుట్లు మొదటి రెండే.

ఒక జాగ్రత్త: కంప్యూటర్ నుంచి వచ్చే పాటని తిరిగి మిక్సర్‌లో మామూలు ఛానెల్‌కి ఇస్తే అది మళ్ళీ రికార్డింగ్‌లోకి పోతుంది. టేప్ ఇన్ లేదా టూ ట్రాక్ ఇన్ అని ఉన్నచోట ఇచ్చి, దాన్ని హెడ్‌ఫోన్‌కి మాత్రమే పంపే మీట నొక్కాలి. కొన్ని చిన్న మిక్సర్లలో ఆ మీట మెయిన్ మిక్స్‌కి కూడా పంపుతుంది, కాబట్టి నొక్కి చూసి, రికార్డు లెవెల్ కదలడం లేదని తేల్చుకోండి.

వైర్‌మ్యాన్_గుంటూరు

అందరూ సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నారు, నేను కరెంటు పనివాణ్ణి, నా మాట కూడా వినండి. గ్రంథాలయం పాత బిల్డింగ్ అంటున్నారు, ఎర్త్ ఉందా లేదా ముందు చూడండి. మూడు పిన్నుల సాకెట్ గోడకి ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పైపిన్నుకి వెనక వైరే ఉండని గోడలు ఎన్నో చూశాను.

ఎర్త్ లేకపోతే ఏమవుతుందంటే, కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) లోపల నాయిస్ ఫిల్టర్‌లో కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె రేకు మీద మెయిన్స్‌లో సగం వోల్టేజి, అంటే వంద దాటి, తేలుతుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చేత్తో తాకితే చిమచిమలాడుతుంది, అంతే. కానీ కార్డు నుంచి మిక్సర్‌కి, మిక్సర్ నుంచి మైకుకి లోహం కలిసే ఉంది. చెమట పట్టిన మనిషి చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి మైకుకి పెదవి ఆనించి పాడుతుంటే ఆ చిమచిమ నేరుగా నోటికి తగులుతుంది. పిల్లలు, ముసలివాళ్ళు వచ్చే గది అది. ఎర్త్ పిట్ తీయించి, రాడ్డు దింపి, మెగ్గర్‌తో (ఎర్త్ కొలిచే మీటరు) చెక్ చేయించాకే మైకు పట్టుకోనివ్వండి. ఈ పని లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్ చేతే చేయించాలి.

పాతపెట్టెల_మేస్త్రీ

వైర్‌మ్యాన్ గారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం, చందా డబ్బులో మొదటి వాటా దానికే పోవాలి, ఎస్ఎస్‌డీ అయినా ఆ తర్వాతే.

బఫర్_సైజు

ధ్వని పరంగా కూడా అదే మొదటి పని. ఆడియోఫైల్ కార్డుకి ఉండేవి ఆర్‌సీఏ సాకెట్లు, బ్యాలెన్స్‌డ్ కావు, కాబట్టి ఎర్త్ తేడా ఎక్కడున్నా గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ దూరుతుంది. కంప్యూటర్, మానిటర్, మిక్సర్, స్పీకర్లు, కీబోర్డు అడాప్టర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. ఒకటి ఈ గోడ నుంచి, ఇంకొకటి ఆ గోడ నుంచి తీస్తే హమ్ వచ్చే అవకాశం ఎక్కువ. మిక్సర్ నుంచి కార్డుకి వైరు చిన్నదిగా ఉంచండి. హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మనవాళ్ళలో ఉంది, దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. పోకపోతే మిక్సర్‌కి కార్డుకి మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, చిన్న డబ్బా.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రికార్డింగ్ వద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బజ్ ప్రతి ట్రాకులోనూ వినిపిస్తుంది. కంప్యూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టి, సేవ్ చేసి ఆపేసేంత టైము దొరికితే చాలు.

కాలేజీ_ల్యాబ్

బెంగళూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, తెలుగువాణ్ణే. పది చేతులు పడే మెషీన్ల గురించి కొంత తెలుసు. పల్నాడు గారు మొదటి పోస్టులో అడిగిన చివరి ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. పాత హార్డ్‌వేర్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు. ఒకరి సెటప్ ఇంకొకరు మార్చేయడం, ఒకరి పాట ఇంకొకరు చెరిపేయడం, ఈ రెండూ మొదలైతే నెల తిరక్కుండా గదికి రావడం మానేస్తారు.

నా పద్ధతి: మనిషికొకటి కాదు, బృందానికొక అకౌంట్. భజన, క్వయర్, ఆర్కెస్ట్రా, నాట్ల పాటలు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గర, ఇంకొకటి కాగితం మీద రాసి గ్రంథాలయం బీరువాలో.

డప్పు_దరువు

పెద్దమ్మలు పాస్‌వర్డ్ కొడతారా అన్నా? ఒకటే అకౌంట్ పెట్టి, నాలుగు ఫోల్డర్లు ఇస్తే పోదా?

కాలేజీ_ల్యాబ్

వాళ్ళు కొట్టక్కర్లేదు, వాళ్ళకి రికార్డు చేసేది పల్నాడు గారే కదా. ఒకే అకౌంట్ అయితే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు కూడా ఒకటే అవుతాయి. ఆర్కెస్ట్రా వాళ్ళు బఫర్ 128 పెట్టి పోతారు, మర్నాడు క్వయర్ పిల్లలు రికార్డు చేస్తే మధ్యమధ్యలో టిక్ టిక్ మని తెగుతుంది, ఎందుకో వాళ్ళకి తెలియదు. వేరే అకౌంట్లయితే ఎవరి సెట్టింగులు వాళ్ళవే.

లినక్స్_గోదారి

ల్యాబ్ గారితో ఏకీభవిస్తాను, ఒక చిక్కు మాత్రం చెప్పాలి, ఇది తెలియక చాలామంది తల పట్టుకుంటారు. లినక్స్‌లో రియల్‌టైమ్ ప్రాధాన్యం (మిగతా పనులకంటే ముందు శబ్దం పని జరగడం) ఇవ్వడానికి యూజర్లని ఆడియో అనే గ్రూపులో చేర్చమని ప్రతిచోటా రాస్తారు. ఒక్కరే వాడే మెషీన్‌కి అది బానే ఉంటుంది. నలుగురు వాడేదాంట్లో, ఆడియో గ్రూపులో ఉన్నవాళ్ళు తెర మీద లేకపోయినా సౌండ్ కార్డుని పట్టుకుని ఉండగలరు. భజన వాళ్ళు లాగవుట్ కాకుండా స్విచ్ యూజర్ కొట్టి వెళ్ళిపోతే, తర్వాత వచ్చిన క్వయర్ వాళ్ళకి కార్డు బిజీ అని వస్తుంది, శబ్దం ఉండదు.

విరుగుడు: స్టూడియో అని కొత్త గ్రూపు ఒకటి తయారుచేసి, లిమిట్స్ ఫైల్‌లో ఆ గ్రూపుకి రియల్‌టైమ్ ప్రయారిటీ 95, మెమరీ లాక్ అన్‌లిమిటెడ్ అని రాయండి. నలుగురినీ అందులో చేర్చి, ఆడియో గ్రూపులోంచి తీసేయండి. అప్పుడు తెర ముందు ఎవరుంటే కార్డు వాళ్ళకే అందుతుంది. దాంతోపాటు స్విచ్ యూజర్ బటన్ కూడా తీసేసి, లాగవుట్ ఒక్కటే ఉంచండి. 8 జీబీ ర్యామ్‌లో ఇద్దరి సెషన్లు ఒకేసారి తెరిచి ఉండటం ఎలాగూ మంచిది కాదు.

రియల్‌టైమ్ కెర్నల్ వెతకాలా అని అడుగుతారేమో, వద్దు. 2024లో వచ్చిన 6.12 నుంచి ఆ ప్యాచ్ అసలు కెర్నల్‌లోనే కలిసింది గానీ, ఆ ఆప్షన్ ఆన్ చేసి కట్టిన కెర్నల్ అయితేనే పనిచేస్తుంది. మీకు ఉబుంటు స్టూడియోతో వచ్చేది చాలు. సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగం చూసుకునే సెట్టింగు) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, బయోస్‌లో సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ కునుకు తీయడం) ఆపండి, వాడని మదర్‌బోర్డు సౌండ్ కూడా అక్కడే ఆపేయండి, రెండు కార్డుల్లో ఏది ఎంచుకోవాలో అన్న తికమక ఉండదు.

ఆర్కెస్ట్రా_కీస్

సరే లినక్సే అనుకుందాం. ఎఫ్ఎల్ రాదు కదా, మరి ఏంటి? ఇంట్లో మా ల్యాప్‌టాప్‌లన్నీ విండోసే. ఇక్కడ చేసింది ఇంట్లో తెరుచుకోకపోతే ఎవరొస్తారు.

బఫర్_సైజు

రీపర్ పెట్టండి. విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఉంది. గదిలో రికార్డు చేసిన ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఇంట్లో విండోస్ రీపర్‌లో తెరిస్తే అలాగే తెరుచుకుంటుంది, దాంతో వచ్చే ఈక్యూ, కంప్రెసర్ లాంటివి మాత్రమే వాడితే. వేరే ప్లగిన్ (బయటి నుంచి తెచ్చి కలిపే ఎఫెక్టు) వాడితే ఆ ట్రాకుని రెండర్ చేసి, అంటే ఎఫెక్టుతో సహా కొత్త ఆడియో ఫైల్‌గా తీసి, పట్టుకెళ్ళాలి. 60 రోజులు వాడి చూడొచ్చు, తర్వాత వ్యక్తులకి, లాభాపేక్ష లేని సంస్థలకి లైసెన్సు 60 డాలర్లు. క్రాక్ వెర్షన్ జోలికి మాత్రం పోకండి, ఊరి పేరు మీద నడిచే గది అది, పైగా వాటితో వైరస్‌లు కూడా వస్తాయి. డబ్బు కుదరకపోతే ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉబుంటు రిపాజిటరీలో ఉచితంగా దొరుకుతుంది, మంచి సాఫ్ట్‌వేర్, కానీ ఇంటి ల్యాప్‌టాప్ సమస్య ఉన్నప్పుడు నా ఓటు రీపర్‌కే.

లినక్స్_గోదారి

నా ఓటు ఆర్డర్‌కి. నాట్ల పాటల రికార్డింగ్‌లు ఏ లైసెన్సు మీదా ఆధారపడకూడదు.

బఫర్_సైజు

పాటలు ఎలాగూ వేవ్ ఫైళ్ళే కదా అన్నా, రెండింట్లోనూ. అవి ఎప్పుడైనా ఎక్కడైనా తెరుచుకుంటాయి. ప్రాజెక్టు ఫైల్ పోయినా వేవ్ ఉంటే పాట ఉన్నట్టే.

లినక్స్_గోదారి

సరే, అది ఒప్పుకుంటున్నా. కానీ ప్రతి పాట పూర్తయ్యాక ట్రాకులన్నీ సున్నా సెకను నుంచి మొదలయ్యేలా విడి వేవ్‌లుగా రెండర్ చేసి దాచాలి. ముక్కలు ముక్కలుగా ఉన్న రికార్డింగ్ ఫైళ్ళని పదేళ్ళ తర్వాత ఎవరూ అతికించలేరు.

పల్నాడు_పాట

ఎంత జాగా పడుతుందండీ ఇవన్నీ? 500 జీబీ ఎన్నాళ్ళు వస్తుంది?

బఫర్_సైజు

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, అంతకుమించి వద్దు. ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ, గంటకి 518 ఎంబీ. రెండు ట్రాకులు గంటసేపు రికార్డయితే 1 జీబీ చిల్లర. 96 కిలోహెర్ట్జ్ పెడితే జాగా రెట్టింపు, పాత ప్రాసెసర్ మీద బరువు రెట్టింపు, మీ గదిలో మీ మైకులతో వినిపించే తేడా ఏమీ ఉండదు. 24 బిట్‌తో ఒక లాభం, లెవెల్ భయం లేకుండా తక్కువగా పెట్టుకోవచ్చు. గట్టిగా పాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు, పెద్దమ్మ ఒక్కసారిగా గొంతెత్తినా చిట్లదు.

కాలేజీ_ల్యాబ్

డిస్కుల అమరిక నేను చెప్తా. సిస్టమ్, ఇప్పుడు నడుస్తున్న పాటలు ఎస్ఎస్‌డీ మీద. పాత హార్డ్ డిస్క్ మీద రెండు ఫోల్డర్లు: ఒకటి ఉమ్మడి శబ్దాలు, అందరూ చదవొచ్చు, ఎవరూ మార్చలేరు. రెండోది భద్రం, పూర్తయిన పాటలు అందులోకి మీరు మాత్రమే వేస్తారు. బృందాల ఫోల్డర్లకి డిఫాల్ట్ ఏసీఎల్ (ఎవరు తెరవొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్న జాబితా) పెట్టండి, అందులో కొత్తగా తయారయ్యే ఫైళ్ళకి ఆ అనుమతులు వాటంతటవే వస్తాయి. వేరే చోటి నుంచి మూవ్ చేసిన ఫైళ్ళు మాత్రం పాత పర్మిషన్లతోనే వచ్చి మిగతావాళ్ళకి తెరుచుకోకుండా కూర్చుంటాయి, కాబట్టి మూవ్ కాకుండా కాపీ చేయండి.

భద్రం ఫోల్డర్‌కి బయటి డిస్కులో కాపీ, ఆ డిస్కు గదిలో కాకుండా ఎవరింట్లోనైనా. ఒకే గదిలో రెండు కాపీలుంటే పిడుగు పడితే రెండూ పోతాయి.

అన్నీ అమరాక, ఎవరూ వాడకముందే క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎస్‌డీ మొత్తం ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీసి పెట్టుకోండి. ఏదైనా చెడితే బాగుచేసే పని పెట్టుకోవద్దు, ఎస్ఎస్‌డీ మీద నడుస్తున్న పాటలు ముందు వేరే డిస్కుకి కాపీ చేసుకుని ఇమేజ్ తిరిగి ఎక్కించేయండి. ఆటో అప్‌డేట్లు ఆపేయండి. ఏ బృందానికీ పాట సగంలో లేనప్పుడు చూసి, మీరే అప్‌డేట్ చేసి, టెస్ట్ రికార్డింగ్ చేసి, కొత్త ఇమేజ్ తీయండి.

డప్పు_దరువు

ఉమ్మడి శబ్దాలు అన్నారు కాబట్టి ఒక ఆలోచన. మీ ఊళ్ళో తంబురా ఉంటే, లేకపోతే శ్రుతి పెట్టె అయినా, ఒకటో శ్రుతి నుంచి ఆరో శ్రుతి దాకా అర శ్రుతులతో సహా ఒక్కోటి ఐదు నిమిషాలు రికార్డు చేసి అందులో పెట్టండి. భజనకి, పద్యాలకి, క్వయర్ సాధనకి అందరికీ పనికొస్తాయి. ఇంతకీ మీ హార్మోనియం శ్రుతి ఎలా ఉంది? పాత పెట్టెల్లో రీడ్లు 440కి కొంచెం అటో ఇటో ఉంటాయి. కీబోర్డుతో కలిపి వాయించే ముందు ట్యూనర్ పెట్టి చూసి, కీబోర్డునే హార్మోనియంకి తగ్గట్టు ట్యూన్ చేసుకోండి, అది ఒక్క మీటతో పోతుంది.

పల్నాడు_పాట

హార్మోనియం కొంచెం పైకే ఉందని ఆర్కెస్ట్రా వాళ్ళు అంటున్నారు. కీబోర్డుని మార్చొచ్చని తెలియక ఇన్నాళ్ళూ రెండూ కలిపి వాయించడమే మానేశారు!

ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా? పెద్దవాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు రావు.

లినక్స్_గోదారి

లినక్స్‌లో, విండోస్‌లో తెలుగు పేర్లు పనిచేస్తాయి. పాత జిప్ సాఫ్ట్‌వేర్‌లలో మాత్రం చెదిరిపోతాయి, కొన్ని విండోస్ ప్లగిన్లు ఆ దారిలోని ఫైళ్ళని తెరవలేవు. కాబట్టి ప్రాజెక్టు ఫోల్డర్లకి తేదీ, వరస నంబరు ఉన్న ఇంగ్లీషు పేరు పెట్టి, లోపల తెలుగులో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంచండి: పాట మొదటి లైను, పాడినవాళ్ళు, శ్రుతి, తాళం. మెషీన్ పక్కన ఒక రిజిస్టరు కూడా ఉంటే కంప్యూటర్ తెరవకుండానే వెతుక్కోవచ్చు.

డప్పు_దరువు

ఆ రిజిస్టరులో ఇంకో గడి గీయండి అక్కా, ఇది నేను గట్టిగా చెప్తున్నా. ఈ పాటని బయట పెట్టడానికి పాడిన ఆమె ఒప్పుకుందా లేదా, ఒప్పుకుంటే ఎక్కడ దాకా: ఊళ్ళో వినిపించడానికేనా, యూట్యూబ్‌లో పెట్టొచ్చా, కీబోర్డు కలిపి మార్చొచ్చా. సంతకం లేదా వేలిముద్ర. జానపదం అందరిదీ అని ఎత్తుకెళ్ళి, బీట్ కలిపి, పాడిన మనిషి పేరు కూడా లేకుండా పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. పాట అందరిదే కావచ్చు, ఆ గొంతు ఆమెది. నలుగురు వాడే కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఉందంటే నలుగురి చేతికీ అందుతుంది. అందుకని నాట్ల పాటల ఫోల్డర్ మిగతా మూడు అకౌంట్లకీ కనిపించకుండానే పెట్టండి.

ఆర్కెస్ట్రా_కీస్

న్యాయమైన మాట. మా కుర్రాళ్ళకి అలాంటి పాట కావాలంటే వెళ్ళి ఆమెనే అడిగి, ఆమెతోనే మళ్ళీ పాడించుకుంటారు, డబ్బులిచ్చి.

పల్నాడు_పాట

ఈ మాట రాసినందుకు ఇద్దరికీ దండాలు. రిజిస్టరులో ఆ గడి మొదటి పేజీ నుంచే ఉంటుంది.

నేను అనుకుంటున్న వరస రాస్తున్నా, తప్పుంటే చెప్పండి. ముందు ఎర్త్ పని. తర్వాత ర్యామ్, ఎస్ఎస్‌డీ, పేస్టు, బ్యాటరీ. ఉబుంటు స్టూడియో, నాలుగు అకౌంట్లు, స్టూడియో గ్రూపు. రీపర్ వాడి చూస్తాం, ఆర్కెస్ట్రా వాళ్ళు లైసెన్సుకి సగం వేసుకుంటామన్నారు. ఇమేజ్ తీశాక మొదటి రికార్డింగ్ పెద్దమ్మలదే, తెల్లవారుజామున, ఫ్యాను ఆపినా ఉక్క పోయనప్పుడు. కోర్ 2 డుయో పెట్టెని ఏం చేయాలో తోచలేదు.

పాతపెట్టెల_మేస్త్రీ

వరస బాగుంది. కోర్ 2 డుయోని గది బయట పెట్టండి, పెన్‌డ్రైవులు ముందు దాంట్లో పెట్టి స్కాన్ చేసి, కావలసిన ఫైళ్ళు మాత్రమే తీసుకోవడానికి, పూర్తయిన పాటలు వినడానికి పనికొస్తుంది. రికార్డింగ్ టవర్‌ని మైకుల వెనక వైపు ఉండేలా, బల్ల కింద రబ్బరు ముక్కల మీద పెట్టండి. ఎదురుగా ఉన్న శబ్దం తీసుకునే మైకులు వెనక నుంచి వచ్చే ఫ్యాను చప్పుడు తక్కువ పట్టుకుంటాయి.

ఒక ప్రశ్న: ఆడియోఫైల్ కార్డుతో పాటు చిన్న జడలా ఉండే మిడీ బ్రేకవుట్ కేబుల్ ఇచ్చారా? చాలాచోట్ల కార్డు దొరుకుతుంది గానీ అది దొరకదు.

పల్నాడు_పాట

లేదండీ, కార్డు ఒక్కటే ఇచ్చారు.

ఆర్కెస్ట్రా_కీస్

దాని కోసం వెతకొద్దు అక్కా. కుర్రాళ్ళ కీబోర్డు వెనక యూఎస్‌బీ టు హోస్ట్ అని చదరంగా ఉండే సాకెట్ ఉంటే, ప్రింటర్‌కి వాడే కేబులే దానికీ సరిపోతుంది, మిడీ అందులోంచే వస్తుంది. గ్రంథాలయంలో ప్రింటర్ ఉంటే దాని కేబుల్ పెట్టి ఈ సాయంత్రమే చూడమనండి.

పల్నాడు_పాట

సాకెట్ ఉందట, కేబుల్ కూడా దొరికింది. ఎర్త్ పనికి మనిషి సోమవారం వస్తానన్నాడు, మెగ్గర్ రీడింగ్ ఎంతొచ్చిందో ఇక్కడ పెడతాను, వైర్‌మ్యాన్ గారు ఒకసారి చూడాలి.

వైర్‌మ్యాన్_గుంటూరు

పెట్టండమ్మా, చూస్తాను. ఎర్త్ రెసిస్టెన్స్ రీడింగ్ తీసే ముందు పిట్‌లో నీళ్ళు పోసి తక్కువ చేసి చూపించే అలవాటు కొందరికి ఉంది, పొడిగా ఉన్నప్పుడే తీయమని చెప్పండి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజి కూడా లోడు ఆన్ చేసి కొలవమనండి, రెండు మూడు వోల్టులు దాటితే నాకు రాయండి.